ఏ ట్రాక్టరుకు బహుమానం?

కురుడుమలెకు పోయినవారు వినాయకుని దర్శించి, 13½ అడుగుల ఆ ఏకశిలా విగ్రహాన్ని తల ఎత్తి చూసి, తలపెట్టిన పని నిర్విఘ్నంగా సాగాలని మొక్కుకొని మరలిపోతారు. దగ్గరలోనే ఉన్న సోమేశ్వరుని గుడిలోకి తొంగిచూసేవారు తక్కువ. ఆ గుడిలో సగం పని జక్కణాచారిదనీ, తక్కిన సగం ఆయన కుమారుడు డంకణాచారిదనీ మన పెద్దలు చెప్పుకొంటూ వచ్చారు. కొడుకు చేతి పని మరింత సన్నమని ఆ చెప్పేవారే తీర్పు కూడా ఇస్తారు. చరిత్రకారులు ఏమన్నా అననీ, రెండు పనులు పక్కపక్కన కనబడితే ఏది మేలని అడగకుండా మనిషి ఉండలేడు గదా!

ఈ నెల మేము రాయదలచినది అటువంటి తీర్పును గురించే. అయితే అది శిల్పాల మీద కాదు, ట్రాక్టర్ల మీద. మన దేశంలో 2019 నుంచి సంవత్సరపు ఉత్తమ ట్రాక్టరు అని బహుమానాలు ఇస్తున్నారు. హార్సుపవరును బట్టి తరగతులు చేసి, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క బండిని ఎన్నుకొంటారు. ఐరోపాలో ఇటువంటి ఎన్నిక 1998లోనే మొదలయింది. అక్కడ వ్యవసాయ యంత్రాలను గురించి రాసే పత్రికా రచయితలే న్యాయనిర్ణేతలు. ఏటా లక్షల కొద్దీ ట్రాక్టర్లు అమ్ముడుపోయే మన దేశంలో ఆ ముచ్చట ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి.

బహుమానం ఇస్తే మనకేమిటి అని పట్నంలో ఉన్నవారు అనుకోవచ్చు. ముళబాగిలు తాలూకాలో మన చుట్టపక్కాలు ఇంకా సేద్యం మీదనే ఉన్నారు. షోరూము ముందు కట్టిన గుడ్డమీద ‘ఈ సంవత్సరపు ట్రాక్టరు’ అన్న మాట చూసి, మాకు ఫోను చేసి, “అన్నా, నువ్వు కాగితాలు చదివేవాడివి గదా, బహుమానం వచ్చిన బండే తీసుకోమంటావా?” అని అడిగేవారు ఉన్నారు. అడిగేవాడికి ఉన్నది నాలుగైదు ఎకరాలు. పహణి బ్యాంకులో పెట్టాలి. ముందు కట్టవలసిన సొమ్ముకు ఇంట్లో ఆడవాళ్ల నగలు కుదువకు పోవాలి. ఆపైన పంట వచ్చినా రాకపోయినా కంతు కట్టాలి. బండి మంచిదైతే పిల్లల చదువులు సాగుతాయి. కాకపోతే చేను చెయ్యి దాటుతుంది. కాబట్టి ఆ గుడ్డమీది మాటను ఎవరు అన్నారో, ఏమి చూసి అన్నారో తెలుసుకోవడం మన పని.

డంకణాచారిని గురించి ఇంకొక కథ కూడా ఉన్నది. బేలూరులో జక్కణాచారి చెక్కిన విగ్రహంలో లోపమున్నదని ఒక కుర్రవాడు అన్నాడట. లోపం చూపితే కుడిచెయ్యి నరుక్కుంటానని ఆ మహాశిల్పి పంతం పట్టాడట. కుర్రవాడు వాదన పెట్టుకోలేదు. విగ్రహం నిండా గంధం పూసి ఊరకున్నాడు. అంతటా గంధం ఆరింది గాని బొడ్డు దగ్గర తడి ఆరలేదు. అక్కడ ఉలి తగిలిస్తే నీళ్లూ కప్పా బయటపడ్డాయి. ఆ కుర్రవాడు ఆయన కొడుకేనని తరువాత తెలిసింది. ఇది ఐతిహ్యమే అయినా పరీక్ష ఎట్లా చేయాలో ఇంతకంటె బాగా చెప్పిన కథ మాకు తెలియదు. నునుపు చూసి మెచ్చుకోవడం వేరు, లోపలి తడిని బయటపెట్టడం వేరు.

ట్రాక్టర్లకు ఈ గంధం పూత మొదట పూసినవారు అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంవారు. విల్మాట్ క్రోజియర్ అనే రైతు ‘ఫోర్డు’ అన్న పేరు చూసి ఒక ట్రాక్టరు కొన్నాడు. అది కార్లు చేసే హెన్రీ ఫోర్డుది కాదు. మినియాపొలిస్‌లో కొందరు వ్యాపారులు ఫోర్డు అన్న ఇంటిపేరుగల ఒక మనిషిని పట్టుకొని, ఆ పేరుతో కంపెనీ పెట్టారు. బండి పని చేయలేదు. తరువాత కొన్న మరొక కంపెనీ బండీ అంతే అయింది. మూడవది మాత్రం చెప్పినదానికంటె ఎక్కువే పని చేసింది. క్రోజియర్ శాసనసభకు ఎన్నికై, తనకు పట్టిన గతి మరొక రైతుకు పట్టకూడదని 1919లో చట్టం చేయించాడు. విశ్వవిద్యాలయంవారు పరీక్షించనిదే ఆ రాష్ట్రంలో ట్రాక్టరు అమ్మరాదు. 1920లో వాటర్లూ బాయ్ అనే బండి ఆ పరీక్షకు మొట్టమొదట నిలిచి నెగ్గింది.

ఆ చట్టంలో రెండు షరతులు మా గుమాస్తా మనసుకు బాగా నచ్చాయి. పరీక్ష ఫలితం అచ్చు వేయదలచుకొంటే మొత్తం వేయాలి, మేలైన ముక్క మాత్రం తీసి వేయరాదు. రెండవది, అమ్మేవాడు స్పేరు పార్టులు ఆ రాష్ట్రంలోనే నిలవ ఉంచాలి. 100 సంవత్సరాలు దాటినా ఈ రెండు మాటలూ పాతబడలేదు. ఒక తరగతిలో బహుమానం వచ్చిన బండిని ‘దేశంలోకెల్లా ఉత్తమం’ అని గోడమీద రాస్తే అది మేలైన ముక్క మాత్రం తీసి వేయడమే గదా!

మన దేశంలోనూ ఈ పరీక్ష ఉన్నది. మధ్యప్రదేశ్‌లో బుధ్ని అనే ఊరిలో 1955లో శిక్షణ కేంద్రంగా మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ తరువాత పరీక్షల పని కూడా చేపట్టింది. దక్షిణాదికి అటువంటి సంస్థ అనంతపురం దగ్గర గార్లదిన్నెలో 1983లో ఏర్పడింది. బుధ్నిలో బండిని షోరూములో చూసినట్లు చూడరు. పి.టి.ఓ. షాఫ్టు దగ్గర ఎంత శక్తి వస్తున్నది, ఎంత బరువు లాగుతున్నది, గంటకు ఎంత డీజెలు తాగుతున్నది, లిఫ్టు ఎంత ఎత్తగలదు, బ్రేకు ఎంత దూరంలో పట్టుతున్నది, తోలేవాడి చెవికి ఎంత చప్పుడు, ఒంటికి ఎంత అదురు అని వరుసగా కొలుస్తారు. పొడి నేలలోనూ దమ్ములోనూ గంటల తరబడి నడిపిస్తారు. చివరకు ఇంజను విప్పి సిలిండరూ పిస్టను రింగులూ ఎంత అరిగినవో చూస్తారు. గంధం పూత అంటే ఇదే.

ఆ నివేదికలు చదవడానికి ఇంజనీరు కానక్కరలేదు. మా వృత్తిలో కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తాము. అదే చూపు ఇక్కడా చాలు. ఒక వరుసలో తయారీదారు చెప్పినది ఉంటుంది, పక్కన పరీక్షలో తేలినది ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఎడమెంతో చూసుకొంటే సగం సంగతి తెలిసిపోతుంది. బానెట్టు మీద రాసిన హార్సుపవరు ఇంజనుది. రోటవేటరు తిప్పే షాఫ్టు దగ్గర వచ్చేది అంతకంటె తక్కువ. ఇది మోసం కాదు, యంత్రం తీరే అంత. తెలియక కొన్నవాడికి మాత్రం మోసంలాగే తోస్తుంది.

అయితే పరీక్షకూ బహుమానానికీ తేడా ఉన్నది. ఈ బండి ఇంత చేయగలదని పరీక్ష చెబుతుంది. వీటిలో ఇది మేలని బహుమానం చెబుతుంది. మేలు అన్నప్పుడు ఎవరికి మేలు అన్న ప్రశ్న వస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశపు కమతాలలో నూటికి 86 రెండు హెక్టార్లలోపువి. ఐదెకరాల్లోపు అన్నమాట. ఐరోపాలో బహుమానం పొందే భారీ బండి మన రాగి చేలో తిరగాలంటే గట్టు దగ్గర తిరిగే చోటే ఉండదు. శ్రీనివాసపురం మామిడి తోపుల్లో కొమ్మల కింద దూరాలంటే పొట్టిగా ఉండే చిన్న బండి కావాలి. ఎర్రనేలలో రాళ్లమీద కల్టివేటరు లాగడానికి వేరొక బలం కావాలి. ఒకే బండి అందరికీ ఉత్తమం కాజాలదు. కనుక తరగతులుగా విభజించడం మంచిదే. హార్సుపవరు తరగతులతోబాటు నేల తరగతులు, పంట తరగతులు కూడా ఉంటే ఇంకా మంచిది.

తీర్పు చెప్పేవారు మా మాట వింటే నాలుగు సంగతులు చూడమని మనవి చేస్తాము.

మొదటిది రిపేరి. వాన పడ్డ తరువాత పదును నాలుగు రోజులు మించి ఉండదు. మా బంధువర్గంలో ఒకరి బండికి లిఫ్టు పంపు సీలు పోయింది. చిన్న రబ్బరు చక్రం. అది వచ్చేసరికి పదునూ పోయింది, బాడుగకు పిలిచినవారూ వేరే బండి చూసుకొన్నారు. కొత్త బండిని మెచ్చుకోవడం సులభం. ఐదేళ్లు నడిచిన బండిని విప్పి చూసి, దాని పార్టు తాలూకా పట్టణంలో ఎన్ని రోజులకు దొరికిందో లెక్కగట్టి తీర్పు చెబితే ఆ తీర్పుకు విలువ.

రెండవది బాడుగ. సొంత చేను దున్నుకొన్నంత మాత్రాన నాలుగెకరాలవాడి కంతు తీరదు. పరుల చేలలో దున్నాలి, ట్రాలీ కట్టి ఇటుకలూ ఎరువూ తోలాలి. కాబట్టి గంటకు తాగే డీజెలూ, బరువు ట్రాలీతో కట్టమీంచి దిగేటప్పుడు పట్టే బ్రేకూ ముఖ్యం. కర్ణాటక ప్రభుత్వంవారు 2014-15 నుంచి కృషి యంత్ర ధారె పేరుతో బాడుగ కేంద్రాలు నడిపిస్తున్నారు. ఒకే బండిని పదిమంది చేతులు తోలే అటువంటి చోట ఏది నిలబడుతుందో అడిగితే మంచి సాక్ష్యం దొరుకుతుంది.

మూడవది ప్రాణం. గట్టుమీద, చెరువు కట్టమీద ట్రాక్టరు బోల్తా పడితే తోలేవాడు దాని కిందనే ఉంటాడు. స్వీడన్ దేశంవారు 1959లోనే కొత్త ట్రాక్టర్లకు బోల్తా నుంచి కాపాడే ఇనుప చట్రం తప్పనిసరి చేశారు. తరువాత అక్కడ అటువంటి చావులు బాగా తగ్గాయి. ఆ చట్రం లేని బండికి, ఎంత నున్నగా ఉన్నా, ఉత్తమమన్న పేరు ఇవ్వవచ్చునా అని మా సందేహం.

నాలుగవది సాక్షులు. యంత్రశాస్త్రం తెలిసినవారు, పత్రికలవారు పంక్తిలో ఉండవలసిందే. వారితోబాటు ఎండలో పది గంటలు తోలిన డ్రైవరూ, నూనె చేతుల మెకానిక్కూ, కంతులు లెక్క రాసుకొన్న ఇల్లాలూ కూర్చోవాలి. బండి గుణం మొదటివాడికి నడుములో తెలుస్తుంది, రెండవవాడికి చేతిలో తెలుస్తుంది, మూడవ ఆమెకు డబ్బాలో మిగిలిన చిల్లరలో తెలుస్తుంది.

బహుమానాలు వద్దని మేము అనడం లేదు. మంచిపనిని మెచ్చుకొనేవారు లేకపోతే మంచిపని చేసేవాడికి ఉత్సాహం ఉండదు. ఒక కంపెనీని చూసి మరొక కంపెనీ డీజెలు పొదుపు చేసినా, సీటు కాస్త మెత్తన చేసినా, లాభం మన రైతుకే. మా మాటల్లా ఏమంటే, బహుమానం చూసి గుమ్మం ఎక్కండి గాని, దానినే చూసి సంతకం పెట్టకండి.

ట్రాక్టరు కొనదలచిన ఇళ్లవారు చేయదగినవి ఇవి. బహుమానం ఏ తరగతిలో వచ్చిందో అడగండి. ఆ మోడలు పరీక్షా నివేదిక చూపమనండి, రెండు వరుసలూ పక్కపక్కన చదవండి, ఇంగ్లీషు రాకపోతే చదువుకొనే పిల్లలచేత చదివించుకోండి. మీ ఊరి చుట్టుపక్కల అదే బండి మూడేళ్లుగా వాడుతున్నవారిని ఇద్దరిని కలవండి, వాళ్లు ఏమి మెచ్చుకొన్నారని కాదు, ఏమి రిపేరి చేయించారని అడగండి. చివరకు, సంవత్సరంలో మీకు ఎన్ని గంటల పని ఉన్నదో కాగితం మీద వేసుకోండి. ఆ లెక్క కంతుకు చాలకపోతే ఏ బహుమానం పొందిన బండీ మీకు ఉత్తమం కాదు. అప్పుడు బాడుగ బండే మీ సంవత్సరపు ఉత్తమ ట్రాక్టరు, అందులో చిన్నతనమేమీ లేదు.