అవ్వకు మనవణ్ణి చూసే హక్కు లేదా?

2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, ఎదిగొచ్చిన మనవడు గతిలేని అవ్వాతాతలకు కూడు పెట్టాలి. మంచిదే. ఆ మనవడు పసివాడుగా ఉండగా కొడుకూ కోడలూ విడిపోయి, అవ్వను గడప తొక్కనీయకపోతే? వాణ్ణి చూసే హక్కు ఆమెకుందని రాసిన చట్టం లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పట్టుకుని కోర్టు మెట్లెక్కాలి; ఆపైన జడ్జిగారి దయ. 2022లో సుప్రీంకోర్టు, కోవిడ్‌లో తల్లీతండ్రీ పోయిన పిల్లవాణ్ణి నాయనమ్మాతాతలకే అప్పగించింది. అంటే ఇద్దరూ పోతేగానీ తాత గుర్తుకు రాడా?

మా పేరేసంద్రలో బడి కన్నడం. తెలుగు అవ్వ ఒడిలోనే వస్తుంది. ఆ ఒడి తప్పిస్తే బిడ్డకు ఇంటి మాట కూడా పోతుంది. ఆస్తి అడగడం లేదు నేను. నెలకు రెండు ఆదివారాలు చట్టంలో రాయమంటున్నాను. అవ్వ వల్ల బిడ్డకు కీడుందనేవాళ్లు కోర్టులో రుజువు చేసి ఆపించుకోనీ.