పేరులేని ఛాయాచిత్రము

యలహంకలో 1996 నుండి రెండేండ్ల కొకమారు జరుగుచున్న ఏరో ఇండియా ప్రదర్శనమునకు మన తెలుగు కుటుంబములు తండోపతండములుగా తరలిపోవుట అందఱెఱిగినదే. ప్రతి చేతిలోను కెమెరాయే. ఆకాశమున పొగచారలు తీర్చు విదేశ విమానమును ఒక్కొక్క యింట నూఱేసి బొమ్మలుగా బంధించి తెచ్చుకొందుము. పది దినములు గడచిన పిమ్మట దాని పేరేమని యడిగినచో చెప్పగలవారు అరుదు. ఇట్టి ఛాయాగ్రహణమును మేము వినోద మందుము గాని, చరిత్ర యనజాలము.

ఈ మాటకు కోపగించువా రుందురు. అయినను చెప్పక తప్పదు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానము తోడ్పాటుతో నెలకొల్పిన విమాన కర్మాగారము మనలో ఎన్ని కుటుంబములకు అన్నము పెట్టినదో మనకు తెలియనిదా? 1951లో ఎగిరిన ఎచ్.టి.-2 శిక్షణ విమానము, 1961 జూన్ 17న తొలిసారి గాలి కెక్కిన మారుత్ యుద్ధ విమానము ఇచ్చటివే. మారుత్‌ను రూపొందించినవాడు జర్మను శిల్పి కుర్ట్ టాంక్ అని గ్రంథములు చెప్పును. దాని రేకులకు రివెట్లు బిగించినవారి పేర్లు ఏ గ్రంథము చెప్పును?

లిబరేటరు కథ మరింత విచిత్రము. రెండవ ప్రపంచయుద్ధానంతరము, మరల ఎగురరాదని పాడుచేసి కాన్పూరున వదలిపోయిన ఆ భారీ బాంబరులను 40కి పైగా బెంగళూరు కార్మికులు బాగుచేసిరి. అవి 1968 వరకు మన వాయుసేనలో పనిచేసినవి. తరువాత వానిలో ఒకటి లండనులోని వాయుసేన మ్యూజియమునకు, మరొకటి అమెరికాలో టూసాన్ నగరపు మ్యూజియమునకు చేరినవి. విదేశములకు పోయిన మన పిల్లలు వాని యెదుట నిలిచి ఫోటోలు పంపుదురు. తాతగారి కర్మాగారము వానికి పునర్జన్మ మిచ్చినదని ఆ పిల్లలకు మనము చెప్పితిమా?

యుద్ధ విమానమును చూచి మురియుట హింసను పూజించుట యని కొందఱు పెద్దలందురు. కత్తిని కొలుచుట వేఱు. కత్తి చేసిన కమ్మరిని తలచుట వేఱు. మేము కోరునది రెండవది. ఎగురని విమానమున చూడదగిన దేమున్నదని యువకులందురు. రీనో నగరమున 1964లో మొదలై 2023తో ముగిసిన విమాన పందెములలో పాత యుద్ధ విమానములు రెక్కలల్లార్చుచు పరుగిడెడివి. వానిని తీయుటకు వేగముగల కన్ను చాలును. కదలని విమానమును తీయుటకు తెలిసిన మనస్సు కావలెను. రెక్కపై వెలిసిన రంగు, అతుకు, రివెట్ల వరుస, ఇవన్నియు చేతివ్రాత వంటివి. చదువనేర్చినవానికే అవి పలుకును.

కర్మాగారము లోపల ఛాయాచిత్రములు తీయుట నిషిద్ధము. దేశరక్షణకు అది తగినదే. కాని ఫలితమేమి? మన పెద్దల ఆల్బములో పెండ్లి యున్నది, గృహప్రవేశ మున్నది, తిరుపతి యాత్ర యున్నది. ముప్పదేండ్లు చేసిన పని మాత్రము లేదు. 2001లో తెఱచిన ఎచ్.ఏ.ఎల్. మ్యూజియములో నేడు మారుత్ ఎండలో నిలిచియున్నది. పనివాడు తన పని ప్రక్క నిలుచుటకు అడ్డులేని చోటది.

కావున మా విన్నపమొకటే. కెమెరాతో పోవునపుడు ఇంటి పెద్దను వెంట తీసికొనిపోవుడు. ఆ రెక్క క్రింద నిలువబెట్టి తీయుడు. ఏ విభాగమున, ఏ యేండ్లలో, ఏ పని చేసెనో అడిగి చిత్రము వెనుక వ్రాయుడు. మారుత్ 1990 నాటికే విశ్రాంతి తీసికొన్నది. ఇనుము గనుక ఇంకను వేచియుండును. మనుష్యులు వేచియుండరు. వచ్చు సంచికలో మన సంఘము ఆ చిత్రములకు నాలుగు పుట లియ్యనిచో, సన్మానముల శాలువాల ఫోటోలకు పుట లిచ్చుట మనకు సిగ్గుచేటు.