చోడి అంబలికి పట్టిన యోగం

మాది ఉప్మాక అని చెప్పగానే ఆఫీసులో సగంమంది "ఉప్మానా?" అని నవ్వుతారు. నక్కపల్లి పక్కన, అనకాపల్లి జిల్లా, కొండమీద వెంకన్న ఉన్న ఊరు అని వివరించేసరికి చేతిలో కాఫీ అయిపోతుంది. సరే, పేరులోనే టిఫినున్న ఊరివాణ్ణి కాబట్టి తిండి గురించి నాలుగు ముక్కలు రాసే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ఈమధ్య మా టీములో ఎవరి డబ్బా మూత తీసినా చిరుధాన్యాలే. ఒకాయనకి షుగరు, ఇంకొకాయనకి కొలెస్టరాలు, మూడో ఆయనకి ఏమీ లేదు గానీ వస్తుందేమోనని భయం. కొర్రల పొంగలి, సామల పులిహోర, రాగి దోశ... మంచిదే, నేనూ తింటున్నాను. నా పేచీ వేరే. ఆరోగ్యకరమైన తిండి మన గొడవ, ఆకలి ఎక్కడో పేద దేశాల గొడవ అని రెండిటినీ రెండు ఫోల్డర్లలో పడేశాం. నన్నడిగితే రెండూ ఒకటే సమస్య.

నమ్మకపోతే లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో, అదే రాష్ట్రంలో, ఆడవాళ్ళలో 36.3 శాతం మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు! రక్తం లేనివాళ్ళూ, బరువెక్కినవాళ్ళూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉన్నారన్నమాట. చాలా ఇళ్ళలో కరువు అన్నానికి కాదు, అన్నం పక్కన ఉండాల్సినవాటికి.

ప్రపంచం లెక్క కూడా ఇలాగే ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థల 2025 నివేదిక ప్రకారం 2024లో ఆకలితో ఉన్నవాళ్ళు సుమారు 67 కోట్లు. పోషకాలున్న తిండి కొనుక్కోలేనివాళ్ళు సుమారు 260 కోట్లు. కడుపు నిండడం వేరు, తిన్నది ఒంటికి పట్టడం వేరు అని మన పెద్దవాళ్ళు అనేది ఇదే కదా.

ఇక మా వైపు సంగతి. రాగుల్ని మేం చోళ్ళు అంటాం, సజ్జల్ని గంటెలు అంటాం. ఒకప్పుడు మెట్ట ఊళ్ళలో పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి పోవడం మామూలు సంగతిగా ఉండేది. అప్పట్లో వరన్నం అంటే పండగో, చుట్టాలు రావడమో. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టారు. ఆ పథకాన్ని నేను ఒక్క మాట తక్కువ చెయ్యను, ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది దానివల్లే. కాకపోతే చౌకడిపోలో చవగ్గా దొరికింది బియ్యమే, చోళ్ళు కావు. చోడి అంబలి పేదరికానికి గుర్తయింది, తెల్లన్నం పరువైంది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో ఉన్నది 10 మిల్లీగ్రాములే. పరువు కోసం ఏం వదులుకున్నామో చూడండి.

తర్వాతి కథ మన సాఫ్టువేరువాళ్ళకి బాగా అర్థమవుతుంది. బియ్యం తెల్లగా ఉండాలని మిల్లులో తవుడు తీసేస్తాం, దాంతోపాటు ఇనుమూ విటమిన్లూ చాలావరకు పోతాయి. తర్వాత ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన గింజలు తయారుచేసి నూటికొకటి చొప్పున మళ్ళీ బియ్యంలో కలిపి 2024 కల్లా దేశమంతా రేషన్లో ఇచ్చాం. బగ్గుని మనమే పెట్టి, దాని మీద ప్యాచ్ వేసి రిలీజు చెయ్యడం! ప్యాచ్ వద్దనను, రక్తం లేని ఆడపిల్లకి అసలు ఫిక్సు వచ్చేదాకా ఆగమని చెప్పలేం. కానీ అసలు ఫిక్సు మాటేమిటి?

అది చట్టంలోనే ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం 3 రూపాయలకి, గోధుమలు 2 రూపాయలకి, ముతక ధాన్యాలు కిలో 1 రూపాయికి ఇమ్మంది. 2023 జనవరి నుంచి అన్నీ ఉచితమే అన్నారు. ఆ మూడోదాన్ని మాత్రం మనవాళ్ళు గట్టిగా పట్టించుకోలేదు. పక్కనున్న ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి, గిరిజన రైతుల దగ్గర చోళ్ళు మద్దతు ధరకు కొని రేషన్లో ఇచ్చింది. మన దగ్గరా 2023 మార్చిలో బడిపిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. తలుచుకుంటే జరిగే పనే.

"వరిలా దిగుబడి రాదు కదా, మళ్ళీ ఆకలి పెరగదా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వరి మళ్ళు దున్నేసి చోళ్ళు వెయ్యమని ఎవరూ అనట్లేదు. వానమీదే ఆధారపడ్డ మెట్టభూముల్లో, వరి ఎలాగూ పండని చోట వేసుకునే పంట ఇది. 2025-26కి క్వింటాలు చోళ్ళ మద్దతు ధర 4,886 రూపాయలు, ధాన్యానికి 2,369. మరి రైతు ఎందుకు వెయ్యడు? ధాన్యం కొనడానికున్న యంత్రాంగం చోళ్ళు కొనడానికి లేదు గనక. కొనేవాడు లేకపోతే మద్దతు ధర ఉత్త అంకె.

మనం మాల్‌లో చిరుధాన్యాల ప్యాకెట్టు కొంటే మన షుగరు తగ్గుతుందేమో గానీ ఆకలి తగ్గదు. ఒకప్పుడు పేదవాడు తాగిన అంబలి ఇప్పుడు మన డైటు. ఆ పేదవాడి మనవడికి మిగిలింది పాలిష్ బియ్యం. యోగం పట్టింది చోళ్ళకే, వాటిని పండించి తాగినవాళ్ళకి కాదు. కనీసం నెలకి రెండు కిలోల చోళ్ళు ఉప్మాక చౌకడిపోలో బియ్యం పక్కన పెట్టండి, కావలసినవాళ్ళు తీసుకుంటారు. మన డబ్బాలో ఉన్నది మంచి తిండే అని మనకంత నమ్మకం ఉన్నప్పుడు, అది రేషన్లో కూడా ఉండాలని అడగడానికి మొహమాటమెందుకు?