మాకు సమాచారం అందింది

2020 ఏప్రిల్. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక మెక్‌డొనాల్డ్స్‌లో ఇంగ్లిషు కాగితం ఒకటి కనిపించింది. ఇకమీదట నల్లజాతివారిని లోపలికి రానివ్వకూడదని తమకు సమాచారం అందిందనీ, అసౌకర్యాన్ని అర్థం చేసుకోవాలనీ దాని సారాంశం. ఎవరో వీడియో తీశారు. లోకమంతా తిరిగింది. కంపెనీ క్షమాపణ చెప్పి, ఆ శాఖను తాత్కాలికంగా మూసి, సిబ్బందికి తరగతులు పెట్టామంది.

లోపలికి రావద్దన్న ముక్క కంటే, 'సమాచారం అందింది' అన్న ముక్కే నన్ను ఎక్కువ మండించింది. ఎవరు అందించారు? ఎవరి నోటితో? మన ఆఫీసు కాగితాలు చదివినవాళ్లకు ఈ క్రియాపదం చిన్నప్పటినుంచీ తెలుసు. ఆదేశాలు 'వస్తాయి'. నిర్ణయం 'జరుగుతుంది'. పేరు జాబితాలోంచి 'పోతుంది'. చేసినవాడు వాక్యంలోంచి చల్లగా జారుకుంటాడు. పడ్డవాడొక్కడే వీధిలో మిగులుతాడు.

వీధిలో అని మాటవరసకు అనడం లేదు. గ్వాంగ్‌జౌలో యుయెషియు జిల్లా, అందులో షియావోబెయ్ ప్రాంతం. ఆఫ్రికా వ్యాపారులు ఏళ్లతరబడి ఉంటున్న చోటు, 'లిటిల్ ఆఫ్రికా' అని పేరు. అక్కడ తిరిగిన కొందరు నైజీరియన్లకు ఆ ఏప్రిల్ మొదట్లో కోవిడ్ తేలింది. అంతే. నగరంలోని ఆఫ్రికన్లందరూ అనుమానితులైపోయారు. నెలల తరబడి దేశం దాటనివాళ్లు, టెస్టులో నెగెటివ్ వచ్చినవాళ్లు, అద్దె బాకీ లేనివాళ్లు కూడా సామాన్లతో సహా రోడ్డున పడ్డారు. హోటళ్లు గది లేదన్నాయి. పెట్టెల మీద తల పెట్టుకుని ఫుట్‌పాత్‌ల మీదా, వంతెనల కిందా రాత్రులు గడిపారు. ఆ రోజుల్లో బయటినుంచి చైనాకు వచ్చిన కేసుల్లో అత్యధికం ఎవరివో తెలుసా? సొంత దేశానికి తిరిగొచ్చిన చైనీయులవే. వాళ్ల మొహం చూసి ఏ హోటలూ తలుపు వేయలేదు. నల్లజాతి అమెరికన్లు గ్వాంగ్‌జౌ వైపు రాకుండా ఉంటే మంచిదని అక్కడి అమెరికా కాన్సులేటే హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది.

ఆఫ్రికా దేశాల రాయబారులు కలిసి విదేశాంగ మంత్రి వాంగ్ యీకి లేఖ రాశారు. ఆఫ్రికన్ యూనియన్ కమిషన్ అధ్యక్షుడు మూసా ఫకీ మహమత్ చైనా రాయబారిని పిలిపించి ఆందోళన చెప్పారు. వచ్చిన జవాబేమిటి? వివక్షను మేం సహించం, విదేశీయులందరినీ ఒకేలా చూస్తాం. సహించరట, సంతోషం. మరి వంతెన కింద పడుకున్నవాళ్లను అక్కడ పడుకోబెట్టింది ఎవరు? దానికి మాత్రం కర్త లేడు.

చైనాలో ఇంగ్లిషు పాఠాలు చెప్పడానికి వెళ్లిన నల్లజాతి టీచర్ల బతుకులో ఈ కర్త లేని వాక్యమే రోజూ నడుస్తుంది. కోవిడ్‌కు చాలా ముందునుంచీ నడుస్తోంది. విదేశీ టీచరును అక్కడ 'వైజియావ్' అంటారు. ఆ ఉద్యోగపు వీసా నిబంధనలు చదవండి, రంగు ప్రసక్తే ఉండదు. డిగ్రీ కావాలి. అనుభవం కావాలి. నేరచరిత్ర లేదన్న పత్రం కావాలి. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న దేశపు పాస్‌పోర్టు కావాలి. అంటే మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. ఒకటో తరగతినుంచి ఇంగ్లిషులోనే చదివిన నైజీరియా, ఘనా, కెన్యా వాళ్లకు ఆ వరసలో చోటు లేదు. (మన కాన్వెంటు చదువులకూ లేదు. మనవాళ్లు అక్కడికి ఎంబీబీఎస్ చదవడానికే వెళతారు గనుక ఆ సంగతి మనకు పట్టలేదు.)

సరే, పాస్‌పోర్టు కూడా ఉన్న మనిషినే తీసుకుందాం. అట్లాంటాలో పుట్టి పెరిగిన అమ్మాయి అనుకోండి. ఇంగ్లిషు తప్ప మరో భాష రాదు. డిగ్రీ ఉంది, టీచింగ్ సర్టిఫికెట్ ఉంది, చిన్నపిల్లలకు చెప్పిన అనుభవం ఉంది. వీచాట్ అనే చైనా చాటింగ్ యాప్‌లో రిక్రూటరు ఉత్సాహంగా పలకరిస్తాడు. ఫోన్‌లో మాట్లాడి బ్రహ్మాండం అంటాడు. జీతం, ఫ్లాటు, విమానం టికెట్టు అన్నీ మాటల్లో తేలిపోతాయి. చివర్లో చిన్న మాట, ఒక ఫోటో పంపండి. పంపుతుంది. ఇక ఆ చాట్ కిటికీలో ఉలుకూ పలుకూ ఉండదు.

అందరూ ఇలా మౌనం పాటించరు. కొందరు నిజాయితీపరులు. 'నాకేం అభ్యంతరం లేదండీ, స్కూలువాళ్లు తెల్లవాళ్లనే అడుగుతున్నారు' అంటారు. స్కూలువాళ్లను కదిపితే, 'మాకేముంది, తల్లిదండ్రులు ఒప్పుకోరు' అంటారు. ఆ తల్లిదండ్రులను ఎవరైనా అడిగారో లేదో గానీ, అడిగితే వాళ్లూ ఒకటే అంటారు: 'మాకేం లేదు, ఇంత ఫీజు కడుతున్నాం, పిల్లాడికి సరైన యాస రావాలి కదా.' ఎవరికీ ఏమీ లేదు! ఇంతమంది అభ్యంతరం లేనివాళ్లు వరసగా నిలబడి ఒక మనిషి మొహం మీద తలుపు ఎలా వేయగలిగారో ఎవరైనా చెప్పండి.

యాస అన్నారు గనుక ఒక మాట. యాసను చెవితో వింటారనుకున్నాను ఇన్నాళ్లూ. అక్కడి ట్యూషన్ సెంటర్లు కంటితో వినేవి. ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చే తూర్పు యూరప్ తెల్లవాళ్లను తెచ్చి, అమెరికన్ అని బోర్డు రాసి నిలబెట్టిన సంగతులు చైనాలో పనిచేసి వచ్చిన ఏ టీచరును కదిపినా చెబుతారు. చదువుతో, పనితో నిమిత్తం లేకుండా తెల్లమొహం కోసమే ఇచ్చే కొలువులకు అక్కడి విదేశీయులు పెట్టుకున్న పేరు 'వైట్ మంకీ'. బొమ్మలా నవ్వుతూ నిలబడితే చాలు, జీతం వస్తుంది. ఆ తెల్లవాడికీ అది గౌరవమేమీ కాదు. కానీ అతను కోతిగా నిలబడిన చోట, చదువుకున్న టీచరు మనిషిగా నిలబడటానికి కూడా వీల్లేదు. 2021లో ప్రభుత్వం లాభాపేక్షతో నడిచే ట్యూషన్ల మీద విరుచుకుపడ్డాక ఆ సెంటర్లు చాలా మూతపడ్డాయి. సెంటర్లు పోయాయి, ఆ కళ్లు ఎక్కడికి పోతాయి?

ఎలాగో ఉద్యోగం దొరికిన మరో టీచరు క్లాసులోకి వెళ్లింది. మొదటిరోజు నాలుగేళ్ల పిల్లాడు దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, బొటనవేలితో గట్టిగా రుద్ది, తన వేలివైపు చూసుకుంటాడు. రంగు అంటిందా అని. ఏమీ అంటలేదు. మళ్లీ రుద్దుతాడు. ఇలాంటి అనుభవం చెప్పని నల్లజాతి టీచరు అరుదు. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు, వాడు ప్రయోగం చేస్తున్నాడు, ఫలితం చూసుకుంటున్నాడు. రెండో వారానికల్లా వాడికి టీచరు రంగు కాదు, టీచరు జేబులోని స్టిక్కర్లు గుర్తుంటాయి. చైనాలో పనిచేసిన వాళ్లు చాలామంది ప్రేమగా తలుచుకునేది ఆ పిల్లల్నే. నా కోపం గుమ్మం దగ్గర ఫోను ఎత్తి ఆ దృశ్యాన్ని నవ్వుతూ వీడియో తీసే పెద్దల మీద. బస్సులో అడక్కుండా జుట్టులో చెయ్యి పెట్టేవాళ్ల మీద. మెట్రోలో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లేవాళ్ల మీద. అన్నిటికంటే ఎక్కువగా, ఇదంతా విని 'పాపం, వాళ్లకు తెలియదండీ, కుతూహలం అంతే' అని సర్దిచెప్పే పెద్దమనుషుల మీద. 'హెయ్‌గుయ్', నల్లదయ్యం, అన్న మాట కుతూహలంలోంచి పుట్టలేదు.

తెలియదట! 2016లో చియావోబీ అనే బట్టల సబ్బు ప్రకటన గుర్తుందా? ఒంటిమీద రంగు మరకలతో ఒక నల్లజాతి కుర్రాడు వస్తాడు. చైనా అమ్మాయి వైపు చూసి ఈల వేస్తాడు. ఆమె దగ్గరికి రమ్మంటుంది. ముద్దు పెడుతుందేమో అనిపించే క్షణంలో అతని నోట్లో సబ్బు బిళ్ల కుక్కి, తలకిందులుగా వాషింగ్ మిషన్‌లోకి తోస్తుంది. మూత మీద కూర్చుంటుంది. లోపల్నుంచి కేకలు. మూత తీస్తే తెల్లచొక్కాలో మెరిసిపోయే చైనా కుర్రాడు లేస్తాడు. ఆమె మురిసిపోతుంది. దీన్ని ఒకరు రాశారు, ఒకరు తీశారు, ఒకరు డబ్బిచ్చారు, టీవీలూ థియేటర్లూ వేశాయి. ఇన్ని చేతులు మారినా ఒక్కరికీ చెయ్యి ఆగలేదు. గొడవయ్యాక కంపెనీ మొదట విదేశీ మీడియాదే అతి సున్నితత్వం అంది, తర్వాత క్షమాపణ అంటూనే ఎక్కువ విశ్లేషించకండని సలహా ఇచ్చింది.

పోనీ సబ్బు కంపెనీ అనుకుందాం. 2018లో ప్రభుత్వ టీవీ సీసీటీవీ వేసిన చైనా కొత్త సంవత్సరపు వసంతోత్సవ కార్యక్రమం మాటేమిటి? కోట్లమంది కుటుంబాలతో కూర్చుని చూసేది అది. కెన్యాలో చైనా కట్టిన రైలు మార్గం గొప్ప చెప్పడానికి ఒక నాటిక వేశారు. చైనా నటి మొహానికి మసి రంగు పూసుకుని, వెనక పెద్ద దిండు కట్టుకుని, తలమీద పళ్లబుట్టతో ఆఫ్రికా తల్లిగా వచ్చింది. పక్కన కోతి. ఆఫ్రికాతో స్నేహాన్ని చాటడానికి వేసిన నాటిక ఇది! దుమారం రేగితే విదేశాంగ శాఖ అన్నది, కొందరు కావాలని తంపులు పెడుతున్నారని. 2021 ఉత్సవంలో మళ్లీ మొహాలకు నల్లరంగు పూశారు.

ఇదే చైనాలో, బీజింగ్‌లో, 1959లో అమెరికా నల్లజాతి మేధావి డ్యూబాయిస్ తన 91వ పుట్టినరోజున విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తే గౌరవించారు. అమెరికా నల్లజాతి పోరాటానికి మద్దతుగా 1963 ఆగస్టులో మావో స్వయంగా ప్రకటన చేశాడు. పోస్టర్ల మీద నల్లజాతి సోదరుడు పిడికిలి బిగించి నిలబడ్డాడు. ఆ సోదరుడు కాస్తా దగ్గరికొచ్చి, ఊళ్లో గది అద్దెకడిగి, అమ్మాయితో డాన్సుకు వెళితే ఏమైందో 1988 క్రిస్మస్‌కు నాన్జింగ్‌లోని చైనా విద్యార్థులు చూపించారు. ఆఫ్రికా విద్యార్థులు హాస్టళ్లు వదిలి రైల్వేస్టేషన్‌కు పారిపోవాల్సి వచ్చింది. పోస్టరు మీద ఉన్నంతసేపు సోదరుడే.

ఇంతదాకా చదివి 'చైనావాళ్లు అంతేనండీ' అని ఎవరైనా నిట్టూరిస్తే, వాళ్లకో సంగతి. చైనీయుల్లో 'ఈ బై జె సాన్ చౌ' అని సామెత. ఒక్క తెలుపు ఉంటే మూడు వికారాలు మరుగున పడతాయని. మన పెళ్లిచూపుల్లో ఆ మాటే 'పిల్ల బంగారం, కాకపోతే కొంచెం రంగు తక్కువ' అని వినిపిస్తుంది. తక్కువట! తూకం వేసి చూసినట్టు. హైదరాబాదులో చదువుకోవడానికి వచ్చిన నైజీరియా కుర్రాడు టూలెట్ బోర్డు చూసి తలుపు కొడితే, ఆ ఇంటాయన ఏమంటాడు? 'నాకేం లేదు బాబూ, పక్క ఫ్లాటువాళ్లు ఒప్పుకోరు.' వీచాట్ రిక్రూటరుకు ఈయన ఎక్కడి చుట్టం? 2017లో గ్రేటర్ నోయిడా మాల్‌లో ఆఫ్రికా విద్యార్థి ఒకణ్ణి కుర్చీలతో, చెత్తడబ్బాలతో కొడుతుంటే చుట్టూ ఫోన్లు లేచాయి, అడ్డుపడే చేతులు మాత్రం కరువయ్యాయి. ఆఫ్రికా రాయబారులు దీన్ని జాతివివక్ష అన్నారు, మన ప్రభుత్వం కాదంది. డాలస్‌లో మన పిల్లాణ్ణి ఎవరో ఒక మాట అంటే రెండు రోజులు చానళ్లు ఊగిపోతాయి. ఊగాలి కూడా. అదే గొంతు గ్వాంగ్‌జౌ వంతెన దగ్గరా, మన అపార్ట్‌మెంటు గేటు దగ్గరా ఎందుకు పెగలదు?

2020 ఏప్రిల్‌లో నేనూ ఇంట్లోనే ఉన్నాను, ఫోను చేతిలోనే ఉంది. ఆ కాగితం వీడియో చూశాను, అయ్యో అనుకున్నాను, వేలితో పైకి తోశాను. తర్వాత ఏదో వంట వీడియో వచ్చింది.

అట్లాంటా అమ్మాయి దగ్గరికి వెళదాం. ఆమె తర్వాతి దరఖాస్తుకు ఫోటో జతచేయలేదు. పాఠం చెబుతున్న ఆడియో పంపింది, గొంతు మాత్రమే వినిపించేది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. చాలా బాగుంది, స్వచ్ఛమైన అమెరికన్ ఉచ్చారణ, మా తల్లిదండ్రులకు చాలా నచ్చుతుంది. దాని కింద నవ్వుతున్న పసుపుపచ్చ బొమ్మ. దాని కింద ఇంకో లైను.

ఒక ఫోటో పంపగలరా?