మెదడుకు తెగ లేదు

షేక్‌పేట మండలంలోని ఫిల్మ్‌నగర్‌లో కథలు అల్లేవారికి దొంగ కావాల్సి వస్తే, మన ఎరుకల ఊరు స్టువర్టుపురం గుర్తుకొస్తుంది. 1991లో చిరంజీవితో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది. 2023లో రవితేజతో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. హీరో మారాడు గానీ ఊరు మారలేదు. రెండో సినిమా టీజర్ ఎరుకల జాతిని కించపరుస్తోందంటూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

‘వాళ్ల రక్తంలోనే ఉంది’ అనేది పాత మాట. ‘నేరస్తుల మెదడే వేరు’ అనేది కొత్త మాట. ఈ రెండూ ఒకటి కావు. ఆ తేడా మన పిల్లలకు తెలియాలి.

నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన కోపానికి, తొందరపాటుకు కళ్లెం వేస్తుంది. దానికి దెబ్బ తగిలినా, గడ్డ పుట్టినా మనిషి ప్రవర్తన మారవచ్చు. 1848లో అమెరికాలో రైలు మార్గం పనిచేయించే ఫినియస్ గేజ్ తలలోంచి ఇనుపకడ్డీ దూసుకుపోయింది. అతను బతికాడు గానీ, నోటి దురుసు, మొండితనం పెరిగాయని తెలిసినవారు చెప్పారు. 1966లో టెక్సస్‌లో చార్లెస్ విట్‌మన్ తల్లినీ భార్యనూ చంపి, విశ్వవిద్యాలయ గోపురమెక్కి జనంపై కాల్పులు జరిపాడు. అతని మెదడులో గడ్డ ఉందని శవపరీక్షలో తేలింది. ఆ గడ్డే కారణమని మాత్రం నిపుణులు తేల్చలేకపోయారు. తలకు దెబ్బ తగిలినవారిలో ఎక్కువమంది ఏ నేరమూ చేయరు.

గేజ్‌ది ఏ తెగ అని ఎవరైనా అడిగారా? విట్‌మన్ ఊరివాళ్లందరికీ హాజరుపట్టీ పెట్టారా? లేదు. ఎందుకంటే గాయం ఒక మనిషిది.

మన విషయంలో లెక్క తిరగబడింది. ఇటలీ వైద్యుడు లొంబ్రోసో ఒక ఖైదీ పుర్రెలో గుంట చూసి, నేరస్తుడు పుట్టుకతోనే నేరస్తుడని 1876లో పుస్తకం రాశాడు. 1913లో ఇంగ్లండ్‌లో చార్లెస్ గోరింగ్ సుమారు మూడు వేలమంది ఖైదీలను కొలిచి, అలాంటి ప్రత్యేక జాతి లేదని తేల్చాడు. ఇక్కడ దొరలు ఆ కొలతలు కూడా తీయలేదు. 1871లో మొదలైన నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలను స్థిరపరచి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్న జాతి మనది. రైళ్లు, ఉప్పు చట్టాలు ఆ బతుకుతెరువును దెబ్బతీశాయి. ముందు కూడు పోయింది, తర్వాత పేరు పోయింది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. బలవంతంగా మెదడు పరీక్షలు చేయరాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. పుట్టుకను బట్టి ఖైదీలను వేరుచేసే జైలు నిబంధనలను 2024 అక్టోబరులో కొట్టేసింది. కోర్టులకు అర్థమైంది గానీ తెరకు ఇంకా అర్థం కాలేదు.

ఈ ముద్రవల్ల జరిగే అసలు నష్టం ఇది. తోటిపిల్లల్ని కొట్టే ఎరుకల పిల్లవాడికి నిజంగానే తలకు దెబ్బ తగిలి ఉండొచ్చు, మూర్ఛ ఉండొచ్చు. ‘ఆ జాతే అంత’ అనగానే ఆ పిల్లవాణ్ణి ఎవరూ పరీక్షించరు. వైద్యుడు దొరకాల్సినవాడికి పోలీసు దొరుకుతాడు.

ఉపాధ్యాయులారా, రిజిస్టరులో తెగ గడి చూడకండి. ఎప్పుడైనా కిందపడ్డాడా, ఫిట్స్ వస్తాయా, తింటున్నాడా, ఇంట్లో దెబ్బలు తింటున్నాడా అని అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.

యువకులారా, ఫిల్మ్‌నగర్‌ను నిలదీయండి. దొంగ కథ రాయొద్దని మనం అనడం లేదు. దొంగను ఒక మనిషిగా రాయండి, మా ఊరిని దొంగగా రాయకండి అంటున్నాం. ఆ కథలు మనవాళ్లే రాసే రోజు కోసం ఇప్పటినుంచే కలం పట్టండి.