‘టక టక’ అంటే ఏమిటి?

మెకానికల్ బ్రాంచిలో మూడేళ్ళు చదివినవాణ్ణి పట్టుకొని “మోపెడ్ ఏదో శబ్దం చేస్తోంది, కాస్త చూడరా” అంటే ఏం చేయాలి? చూడాలి. నేనూ చూశాను, చాలాసేపు చూశాను. వినడం మాత్రం చేతకాలేదు. ఆ నేరం నాదే. అయితే అందులో మన లాబుకు కూడా కొంత వాటా వుందని నా ఫిర్యాదు. అధ్యాపకులు కోపగించుకోకుండా చివరిదాకా చదవాలని మనవి.

అవి 2023 వేసవి సెలవులు. మా నాయన తెల్లవారుజామున రెండు పాలక్యాన్లు కట్టుకొని కేంద్రానికి పోయేది పాత టూ స్ట్రోక్ మోపెడ్ మీద. అది మొరాయిస్తే ఆ పూట పాలు ఇంట్లోనే. ఒకరోజు ఇంజను అడుగునుంచి ‘టక టక’ మొదలయింది. టౌనులో ఒక షెడ్డుకు తీసుకుపోతే, ఆయన బండి మీద చెయ్యి కూడా వెయ్యకుండా “క్రాంకు పోయింది, ఇంజను దించాల, ఆరువేలవుతుంది” అన్నాడు. నాయన నా మొహం చూశాడు. ఓటో సైకిల్ ఎఫిషియెన్సీ సూత్రం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఆ శబ్దం క్రాంకుదా కాదా అంటే మాత్రం నోరు పెగల్లేదు. “అయ్యుండొచ్చు నాయనా” అన్నాను. ఆ ‘అయ్యుండొచ్చు’ ఖరీదు ఆరువేలు!

డబ్బు సర్దుబాటు కాక రెండురోజులు ఆగాం. అదే మేలయింది. ఈలోగా ఎవరో చెబితే చింతచెట్టు కింద పనిచేసే ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి పోయాం. ఆయన పని నేర్చుకున్నది సువేగా బళ్ళ మీద. ఫ్రెంచి మోటోబెకాన్ కంపెనీ సహకారంతో మన తిరుపతిలోనే తయారైన మోపెడ్ అది. తర్వాత 1972లో లూనా, 1980లో ఇద్దరెక్కే టీవీయస్ 50 వచ్చాయి. అన్నీ ఆయన చేతిలో పడ్డవే.

బండి చూడకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు. “చల్లంగా ఉన్నప్పుడు ఎక్కువా, కాక పట్టినాక ఎక్కువా? మిట్ట ఎక్కేటప్పుడా, ఎప్పుడూనా? ఇంజను ఆపి పల్లంలో దొర్లిస్తే ఉండాదా, పోతుందా?”

ఇవి ఉబుసుపోక అడిగినవి కావని తర్వాత తెలిసింది. దొర్లించినా శబ్దం ఉంటే అది ఇంజనుది కాదు, చైనుదో చక్రపు బేరింగుదో. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కే కొద్దీ తగ్గితే పిస్టనుకూ సిలిండరుకూ మధ్య సందు పెరిగిందన్నమాట. వేడికి పిస్టను వ్యాకోచించి ఆ సందు కొంత పూడుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు మాత్రమే గోలీలు గలగలలాడినట్టుంటే లోపల మంట వరస తప్పి పేలుతోందని అర్థం. హెడ్డులో బొగ్గు పేరుకోవడమో, టైమింగు ముందుకు జరగడమో, పెట్రోలులో కల్తీయో చూడాలి. ఇంకొకటి నాకు భలే నచ్చింది. టూ స్ట్రోక్ ఇంజను ప్రతి చుట్టుకూ ఒకసారి మండాలి కదా! ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడి, గాలి తగ్గి, పెట్రోలు పాలు మరీ ఎక్కువైతే చుట్టు విడిచి చుట్టు మండి ‘బుడబుడ’మంటుంది. మన పుస్తకంలోని టూ స్ట్రోకుకూ ఫోర్ స్ట్రోకుకూ తేడా చెవికి అంత స్పష్టంగా వినిపిస్తుందని నాకెవరూ చెప్పలేదు.

మా బండి ఈ లెక్కల్లో దేనికీ లొంగలేదు. అప్పుడాయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన సిలిండరు మీద ఆనించి, పిడి చెవి ముందున్న ఎముకకు పెట్టుకున్నాడు. తర్వాత క్రాంకు కేసు మీద. తర్వాత మాగ్నెటో మూత మీద. అక్కడ ఆగి, నన్ను పిలిచి వినమన్నాడు. విన్నాను. గుండె మీద గొట్టం పెట్టినట్టు ‘టక్... టక్’ అని అక్కడే ఎక్కువ! మూత విప్పి ఫ్లైవీలు చేత్తో ఊపితే కదిలింది. నట్టు వదులై, లోపలి అర్ధచంద్రాకారపు కీ అరిగిపోయింది. ఫ్లైవీలు క్రాంకు కొసనే కూర్చుంటుంది కాబట్టి అది వదులైతే అచ్చం క్రాంకు బేరింగు పోయినట్టే మోగుతుంది. కొత్త కీ, కొత్త వాషరు, బిగింపు, అంతా కలిపి నూటయాభై రూపాయలు తీసుకున్నాడు. “ఇంజనీరింగంట గదా నాయనా, ఇంకా నేర్పలేదా?” అని అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

మన ఐ.సి. ఇంజన్ల లాబులో ఏం చేస్తాం? బ్రేకు డ్రమ్ముకు బరువులు వేసి, పెట్రోలు ఎన్ని సెకన్లలో దిగిందో స్టాపువాచీతో చూసి, గ్రాఫు గీస్తాం. గీత సరిగా రాకపోతే సీనియర్ల రికార్డు ఉండనే ఉంది! ఆ పూట ఇంజను ఏమని మోగిందో ఒక్కరమూ రాయం. థర్మల్ స్టేషన్లలో టర్బైను బేరింగులకు సెన్సార్లు తగిలించి రాత్రింబవళ్ళు కంపనాలు గమనిస్తారు. కార్ల ఇంజన్లకు నాక్ సెన్సారు అనే చెవి బిగిస్తున్నారు. మన పరిశ్రమలు జీతమిచ్చి చేయించుకునే పనే చింతచెట్టు కింద స్క్రూడ్రైవరుతో జరుగుతోంది.

శబ్దానికి మార్కులెలా వేస్తారు, ఒకడి చెవి ఇంకొకడికి సాక్ష్యమా అని మా మాస్టారొకరు అడిగారు. న్యాయమైన మాటే. ఆ ముసలాయన కూడా చెవిని పూర్తిగా నమ్మలేదు, మూత విప్పి చేత్తో ఊపి చూసుకున్నాడు. ఇనుము గుండా శబ్దం ఎక్కడికైనా పాకుతుంది. వదులైన నంబరు ప్లేటు కూడా పిస్టనులా నటించగలదు. అయినా ముందు ఏది విప్పాలో చెవే చెబుతుంది. తుక్కు కింద అమ్మే మోపెడ్ ఒకటి లాబుకు కొనండి. సైలెన్సరు నట్టో, చైనో, ఫిల్టరో ఏదో ఒకటి చెడగొట్టి ఇవ్వండి. పానా పట్టుకోకముందే మా అనుమానం, దానికి కారణం కాగితం మీద రాయించుకోండి. తర్వాత విప్పనివ్వండి. అనుమానం తప్పినా, కారణం సబబుగా ఉంటే సగం మార్కులివ్వండి. పది మార్కులు చాలు.

పోయినవారం నాయన ఫోను చేసి, ఫోను ఇంజను పక్కన పెట్టి వినిపించాడు. ఫోనులో అంతా గరగరే. “పొద్దున స్టార్టు చేసినప్పుడు ఉండి, కేంద్రం చేరేసరికి తగ్గుతోందా?” అని అడిగాను. “తగ్గుతాండాది” అన్నాడు. సెలవులకు పోయినప్పుడు బోరు కొలిపించాలి.