తలలతో పాటు దూరాలూ లెక్కపెట్టాలి!

అక్కన్నపేట మండల ప్రజలకు విజ్ఞప్తి

అక్కలారా, అన్నలారా, రైతు కూలీలారా, తండాల పెద్దలారా, చదువుకున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా!

దేశమంతటా జనాభా లెక్కలు మొదలవుతున్నాయి. ఇండ్ల లెక్క 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. 2027 మార్చి 1 నాటికి ఉన్న జనాభాగా దాన్ని ఖరారు చేస్తారు. 1881 నుంచి పదేండ్లకోసారి, యుద్ధం నడిచిన 1941లో కూడా ఆగని ఈ లెక్క కరోనా వల్ల 2021లో ఆగిపోయింది. పదహారేండ్లకు మళ్ళీ వస్తోంది. మన రోడ్డు, మన దవాఖాన, మన పంచాయతీ నిధులు ఇక చాలా ఏండ్లు ఈ అంకెల మీదే నడుస్తాయి. అందుకే ఈ కరపత్రం. చదవండి, చదవరాని వాళ్ళకు చదివి వినిపించండి.

పట్నం ఎంత ఇరుకు? మనం ఎంత దూరం దూరం?

2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో ఒక్క చదరపు కిలోమీటరుకు 18,172 మంది ఉన్నారు. తెలంగాణ సగటు 312. మన సిద్దిపేట జిల్లా ఇప్పటి హద్దుల్లో 279. పేపర్లలో, టీవీల్లో ఎప్పుడూ పెద్ద నగరాల పోలికే కనిపిస్తుంది. కలకత్తాలో 24 వేల పైన, చెన్నైలో 26 వేల పైన, ఢిల్లీలో 11 వేల పైన. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో 40 వేలు దాటింది. ఎక్కడ జనం కిక్కిరిసి ఉంటే అక్కడికే మెట్రో, ఫ్లైఓవర్, కొత్త ఆసుపత్రి.

ఈ పోలికలో ఒక సంగతి గమనించండి. అంకె ఎంత వస్తుందనేది హద్దు ఎక్కడ గీశారన్న దాన్నిబట్టి ఉంటుంది. 2011లో చెన్నై కార్పొరేషన్‌ను 176 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెంచారు. 26 వేల పైన ఉన్న సాంద్రత దాదాపు 16 వేలకు దిగింది. ఒక్క కుటుంబం కూడా ఇల్లు మారలేదు, ఒక్క గల్లీ కూడా వెడల్పు కాలేదు. మన హైదరాబాద్‌దీ అదే కథ. 217 చదరపు కిలోమీటర్ల జిల్లాను తీసుకుంటే 18 వేలు. 2007లో శివారు మున్సిపాలిటీలను కలిపి ఏర్పాటుచేసిన, ఆరు వందల చదరపు కిలోమీటర్లు దాటిన గ్రేటర్‌ను తీసుకుంటే సుమారు 10 వేలు. చార్మినార్ వెనక గల్లీలో ఉండే మనిషికీ గచ్చిబౌలిలో ఉండే మనిషికీ ఆ సగటు ఒకటే.

నగరాలకే సగటు ఇంత మోసం చేస్తే, గుట్టలు, చెలకలు, తండాలు ఉన్న మన మండలం బతుకును అది ఎట్లా చూపిస్తుంది?

తలకింత అనే లెక్కలో మనకు జరిగే నష్టం

హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానలు మొదలయ్యాయి. పదివేల మందికి ఒకటి ఉండాలన్నది ఆలోచన. మంచి పని, పేదలకు మేలు జరిగింది. ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. హైదరాబాద్ జిల్లా సాంద్రతతో పదివేల మంది అర చదరపు కిలోమీటరు జాగాలో ఉంటారు. జ్వరమొస్తే నడిచి పోయి మందులు తెచ్చుకోవచ్చు. సిద్దిపేట జిల్లా సగటుతో అదే పదివేల మంది దాదాపు 36 చదరపు కిలోమీటర్లలో చెదిరి ఉంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మైదాన ప్రాంతాల్లో పెట్టిన నిబంధన 30 వేల మందికి ఒకటి. అంటే మన దగ్గర వంద చదరపు కిలోమీటర్లు దాటిన జాగాకు ఒక కేంద్రం. అర్ధరాత్రి నొప్పులొచ్చిన కోడల్ని తండా నుంచి తీసుకుపోవాల్సిన అత్తమ్మను అడగండి, ఆ నిబంధన అంటే ఏమిటో ఆమె చెబుతుంది.

నీళ్ళ పైపు, కరెంటు తీగ, బస్సు అన్నీ ఇంతే. పట్నం గల్లీలో వంద మీటర్ల పైపు ఎన్నో ఇండ్లకు నీళ్ళిస్తుంది. తండాలో అదే పైపు రెండు ఇండ్లకు చేరేసరికి అయిపోతుంది. మనిషికింత అని సమానంగా పైసలిచ్చినా మనకు అందే సౌకర్యం సమానం కాదు. దూరానికి అయ్యే ఖర్చును మనమే మోస్తున్నాం: ఆటో కిరాయిగా, పోయిన కూలీగా, మధ్యలో ఆగిన చదువుగా.

మనం అడిగేది కొత్తది కాదు

దూరాన్ని లెక్కలోకి తీసుకోవడం ప్రభుత్వాలకు తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని ఉంది. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఆరోగ్య కేంద్రానికి 30 వేలకు బదులు 20 వేల మంది చాలు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాలకు పంచినప్పుడు 2011 జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువు ఇచ్చింది. దారి ఉంది. ఆ పది శాతం పెరగాలి, ఊరి దాకా రావాలి. అదే మన మాట.

ఒక్క ఇల్లూ తప్పిపోవద్దు

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చినప్పుడు 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. మైదాన ప్రాంతాల్లో ప్రధానమంత్రి గ్రామ సడక్ రోడ్డుకూ 500 జనాభానే గీత. 490 దగ్గర ఆగిన తండాకు ఆ పది పేర్ల విలువ ఎంతో ఆలోచించండి.

2011 లెక్కల్లో గుడాటిపల్లి ఒక ఊరు. గౌరవెల్లి రిజర్వాయర్‌లో ఆ ఊరూ దాని తండాలూ ముంపుకు పోయాయి. అక్కడి కుటుంబాలు ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడ, ప్రతి మనిషీ లెక్కలోకి రావాలి. భూమి పోగొట్టుకున్నోళ్ళు కాగితం మీద కూడా కనబడకుండా పోవద్దు.

మనం చేయాల్సిన పనులు

1. లెక్క తీసేవాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న అందరి పేర్లూ చెప్పండి. పసిపిల్లలను, ముసలోళ్ళను, ఒంటరి ఆడవాళ్ళను మరువద్దు. మీ తండా పేరు సరిగ్గా ఎక్కిందో లేదో అడిగి తెలుసుకోండి.

2. మిర్చి ఏరడానికి, ఇటుక బట్టీలకు, పట్నం పనులకు పోయినోళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. ఎవరు మామూలుగా ఎక్కడ ఉంటున్నారో అక్కడ పేరు రాయించుకోవాలి. రెండు చోట్ల రాయించవద్దు, ఏ చోటా తప్పిపోవద్దు.

3. భయపడకండి. 1948 జనగణన చట్టం ప్రకారం మీరు చెప్పిన వివరాలు రహస్యం. కోర్టులో సాక్ష్యంగా వాడడానికి వీల్లేదు.

4. యువకులు ప్రతి తండా నుంచి దవాఖాన, బస్సు ఆగే చోటు, రేషన్ దుకాణం, హైస్కూలు ఎంత దూరమో బండి మీటరు చూసి రాయండి. వానాకాలంలో ఏ వాగు పొంగితే ఏ దారి ఆగుతుందో అదీ రాయండి.

5. ఆ దూరాల పట్టికను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. సర్పంచులు, వార్డు మెంబర్లు సంతకాలు పెట్టాలి. ఆ ప్రతులను కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకుందాం.

పట్నపోళ్ళ మీద మనకు కోపం లేదు. అక్కడ ఇరుకు గదుల్లో ఉంటున్నది మన పిల్లలే. ఊళ్ళో దవాఖాన, బస్సు, బడి ఉంటే వాళ్ళలో చాలామంది ఇక్కడే ఉండేవాళ్ళు. ఊరికి న్యాయం జరిగితే పట్నానికీ ఊపిరాడుతుంది.

ప్రతి మనిషీ లెక్కలోకి రావాలి!
ప్రతి కిలోమీటరూ నిధుల్లోకి రావాలి!
గ్రామసభకు కదలండి, తీర్మానం చేయించండి!

ఇట్లు,
అక్కన్నపేట మండల పౌరులు